గడప బయట వేలాడిన స్ప్లింట్లు

మా మనవడికి సెరిబ్రల్ పాల్సీ, కండరాలు బిగుసుకుపోయే జబ్బు. చదునుగా వాలిపోయిన వాడి పాదాలకు విశాఖలో ఆపరేషన్ చేయించినప్పుడు, పక్క మంచం మీద అరకు కొండల పిల్ల బుద్రి ఉండేది. ఇద్దరిదీ ఒకటే జబ్బు, ఒకటే ఆపరేషన్. మడమ ఎముక కోసి, సందులో మరో ఎముక ముక్క అమర్చి పాదాన్ని నిలబెట్టారు. కట్టు విప్పాక పాదాన్ని, చీలమండను నిటారుగా పట్టి ఉంచే ప్లాస్టిక్ తొడుగులు, స్ప్లింట్లు, ఇచ్చి, పగలంతా తొడగకపోతే బిగుసుకున్న కండరాలు పాదాన్ని మళ్లీ వాల్చేస్తాయని డాక్టరు హెచ్చరించారు. తర్వాతి పరీక్షకు బుద్రి రాలేదు. వాళ్ల ఊళ్లో ఫోను లేదు. అందుకే బయలుదేరాను.

విశాఖలో ఉదయం ఏడు లోపే కిరండూల్ పాసింజరు ఎక్కితే పదకొండుకల్లా అరకు చేరవచ్చు. కుడివైపు కూర్చుంటే లోయ బాగా కనిపిస్తుంది. స్టేషన్ బయట నుంచి బుద్రి ఊరికి షేరు జీపుకి పదిహేను రూపాయలు. "ఆ ఊల్లో ఏటుంది మామ్మగోరూ సూడ్డానికి?" అన్నాడు డ్రైవరు. ఒక పిల్ల పాదాలు చూడాలన్నాను.

మధ్యాహ్నం అన్నానికి బడి నుంచి వచ్చిన బుద్రి ఇంట్లో వట్టికాళ్లతో నడుస్తోంది. ఎడమ చీలమండ అప్పుడే లోపలికి వాలుతోంది. స్ప్లింట్లేమో బూట్లతో సహా బయట చూరుకు వేలాడుతున్నాయి. ఒళ్లు మండి వాళ్లమ్మ లచ్చిమిని నిలదీశాను.

"ఏటి సెయ్యమంటావమ్మా? తోలుజోడు లోనికి రాకూడదు, దేవత ఉంది. మా అత్త ఒప్పదు. బడికాడా బయటే ఇప్పమంతన్నారు," అంది.

అంటే ఆ పిల్ల వాటిని తొడిగేది దారిలో మాత్రమే. ఆస్పత్రిలో బూటులో దూర్చిన స్ప్లింటునే చూపించారు, రెండూ ఒకటే వస్తువని వీళ్లు అనుకున్నారు. ఇంట్లో ఎలా తొడుగుతారని అడిగిన వాళ్లే లేరు.

స్ప్లింటును బూటులోంచి లాగి లచ్చిమి అత్తగారి చేతిలో పెట్టాను. ఆమె వాసన చూసింది, గోటితో గీకింది. "ఇది తోలు కాదు. పలాస్టిక్ బిందె లోనికి రావట్లేదేటి? రానీ," అంది. నున్నటి ప్లాస్టిక్ జారకుండా కొత్త గుడ్డబూట్లు కొని ఇంట్లోకే ఉంచుతామంటే దానికీ తలూపింది.

అన్నం తిన్నాక స్ప్లింట్లు, బూట్లు తొడిగి బుద్రిని బడికి తీసుకెళ్తే, గుమ్మంలో మాస్టారు మమ్మల్ని ఆపారు. మైదానం నుంచి వచ్చిన చదువుకున్న మనిషి. చెప్పులు బయట విడవడం అందరికీ ఒకటే నియమమన్నారు. అలవాటుగా బుద్రి అప్పటికే ఒక కాలిది విప్పేసింది. ఆయన కాళ్లకు నల్లబూట్లు ఉన్నాయి. వాటి వైపు చూశాను.

"నేను టీచర్నండీ."

"ఈ పిల్లకు ఎముక కోసి అతికించారండీ. ముందు మీవి విప్పండి, తర్వాత తనవి విప్పమనండి."

వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. రేపటి నుంచి వేసుకు రమ్మన్నారు మాస్టారు. రేపటిదాకా ఎందుకని, బుద్రిని ముందుబెంచీ మీద కూర్చోబెట్టి అక్కడే తొడిగాను.

ఆ ఎడమకాలు నిలుస్తుందో లేదో డాక్టరే చెప్పాలి. వచ్చే పరీక్షకు తీసుకొస్తానని లచ్చిమి ఒప్పుకుంది. తిరుగు బస్సులో ఘాట్ దిగుతున్నంతసేపూ నా కోపం చల్లారలేదు. ఎముకను అంత నేర్పుగా కోసిన వాళ్లకు ఒక్క ప్రశ్న అడిగే తీరిక లేకపోయింది. ఆపరేషన్ గెలిచిందో ఓడిందో తేలేది పిల్ల ఇంటి గడప దగ్గర.

మీ పిల్లలకు స్ప్లింట్లు ఇచ్చిన రోజున వాటిని బూట్లలోంచి తీయించి విడిగా చూడండి. ఇంట్లో దేనితో తొడగాలో తేల్చుకున్నాకే ఆస్పత్రి నుంచి కదలండి.