సంకలో దిగిన పాలు

"అవ్వా, దానికి కాపడం పెట్టొద్దు. అది గడ్డ కాదు, పాలు."

"సంకలో పాలు యాడన్నా ఉంటాయేమే? నా వయసంతా మగ్గం కాడ గడిసింది. సంకగడ్డ ఎట్లుంటాదో నువ్వు సెప్పాల్నా నాకు?"

"సెప్పాల్సి వచ్చె కాబట్టే సెప్తాండా."

నాకు ఎదురు నిలబడి ఈ మాటలన్నది చిన్న మనవరాలు. రోజూ ఎమ్మిగనూరు నుంచి ఆదోనికి బస్సులో పోయి డిగ్రీ చదువుతుంది. జంతువుల చదువు. దాని అక్క కాన్పయి, పసిబిడ్డతో మా ఇంటికొచ్చి ఇంకా వారం కాలేదు. ఆ సాయంత్రం మంచం మీద కుడిచెయ్యి ఒంటికి ఆనకుండా ఎడంగా పెట్టుకుని కూర్చుంది. సంకలో నిమ్మకాయంత వాపు. తాకితే విలవిల్లాడుతోంది.

నేతపని చేసే ఇళ్లలో ఇది కొత్త కాదు. ఎండాకాలం గుంతమగ్గంలో కూర్చుని పొద్దంతా చెయ్యి ఆడిస్తే, చెమటకీ రాపిడికీ సంకలో గడ్డ లేస్తుంది. ఎర్రగడ్డను, అదే ఉల్లిపాయను, నిప్పుల మీద కాల్చి, పసుపూ ఆముదమూ కలిపి వేడిగా కడితే మెత్తబడి పగులుతుంది. మా ఆయనకు ఎన్నిసార్లు కట్టానో. మందుల షాపు మెట్లెక్కింది లేదు. ఇప్పుడూ అదే చేయబోయాను. గడ్డ ఉన్న పక్క బిడ్డకు పట్టొద్దని పొద్దున్నే గట్టిగా చెప్పాను. చీము పాలలో కలిస్తే పసిదాని గతేమిటి?

బిడ్డకేమో ఒక పక్క చాలడం లేదు. తాగి వదిలిన మరుక్షణమే ఏడుపు. తల్లికి రెండో పక్క రాయిలా బిగిసిపోయింది. పాలు పిండి పారబోయమన్నాను. మజ్జిగ చుక్క కూడా నేలపాలు కానివ్వని దాన్ని, గ్లాసెడు పాలు తూములో పోస్తుంటే చూస్తూ నిలబడ్డాను. ఆ కోపం ఎవరి మీద చూపాలో తెలియలేదు.

చిన్నది ఫోనులో బొమ్మ చూపింది. నీళ్లలో బూడిదరంగు మూటలాంటి జంతువు. సముద్రపు ఆవు అంటారట. వెనక కాళ్లు లేవు, ముందర రెండు తెడ్లు. ఆ తెడ్డు వెనకాల, మనకు సంక ఉండే చోట, పక్కకొకటి చన్ను. పిల్ల పక్కన ఈదుతూ అక్కడే మూతి పెట్టి తాగుతుందట.

"దానికి ఆడుంది, పాడి ఎనుముకు ఎనక కాళ్ల సందునుంది. ఎవురికి యాడుండాల్నో ఆడుంది. దానికీ మీ అక్కకూ ఏం సంబంధమే?"

సంబంధం ఉందట. కడుపులో పిండంగా ఉన్నప్పుడు సంక నుంచి గజ్జల దాకా రెండు పక్కలా పాలగీత అని ఒకటి ఏర్పడుతుందట. కుక్కకు ఆ గీత పొడవునా చన్నులు నిలుస్తాయి. ఎనుముకు వెనక నిలుస్తాయి, సముద్రపు ఆవుకు సంకలో. మనుషులకు రొమ్ము దగ్గర నిలిచి మిగతాది కరిగిపోతుంది. కొందరు ఆడవాళ్లకు సంకలో కాస్త కరగకుండా ఉండిపోతుంది. అదున్నట్టు కాన్పయ్యేదాకా తెలియదు. పాలు దిగినప్పుడు అదీ ఉబ్బుతుంది. అసలు పాలగ్రంథి కూడా చెమట గ్రంథిలా చర్మంలోంచి పుట్టిందేనని, నీళ్లలో బతికే ఆ జంతువుకు చెమట గ్రంథులే లేవని కూడా చెప్పింది.

"సెమట పట్టని దానికి పాలు, సెమట కార్చినోళ్లకు గడ్డలు. బాగుంది లేమ్మా నీ సదువు."

పెద్దది అంత నొప్పిలోనూ నవ్వింది. నవ్వు ఆగాక నా చెయ్యి పట్టుకుంది. "అవ్వా, గడ్డో పాలో నాకొద్దు. బిడ్డను ఈ పక్క పట్టనియ్యి. దాని ఏడుపు నేను వినలేకపోతాండా."

నాకు ఒప్పుకోవాలని లేదు. కట్టు కట్టను, కానీ డాక్టరమ్మ చూసేదాకా ఆ పక్క పట్టనివ్వను అన్నాను. ఇద్దరూ మొహం తిప్పుకున్నారు. చిన్నది తడిగుడ్డ మడిచి అక్క సంకలో పెట్టింది. చల్లటి గుడ్డతో గడ్డ పక్వానికొస్తుందా అని గొణుక్కుంటూ పొయ్యి ఆర్పేశాను.

మరుసటి రోజు పొద్దున అందరం ఆదోని బస్సెక్కాం. డాక్టరమ్మ వేళ్లతో మెల్లగా తాకి చూసింది. జ్వరముందా అని అడిగింది. లేదన్నాం. పాలవాపేనంది. పిసకొద్దు, వేడి పెట్టొద్దు, కొన్నాళ్లకు అదే తగ్గుతుంది, ఎర్రబడినా జ్వరమొచ్చినా రండి, బిడ్డకు రెండు పక్కలా పట్టండి అంది. మందు రాయలేదు. ఈ మాట కోసం ఇంత దూరం రావాల్సొచ్చిందా అనుకున్నాను. చిన్నది నా వైపు చూడకుండానే కాలేజీకి పోయింది.

బయట బల్ల మీద కూర్చుని పెద్దది బిడ్డను కుడిపక్కకు తీసుకుంది. నేను కొంగు చాచి అడ్డం నిలబడ్డాను. బిడ్డ రెండుసార్లు వదిలేసి, మూడోసారి పట్టి తాగింది.