దిగితే ఎక్కాలె

మౌలాలిలో కొన్ని వీధులు వీధులు కావు. బండలను చెక్కి పేర్చిన మెట్లు. అటువంటి మెట్ల పైకొసన, ఒక గుండురాతికి వీపానించిన ఒంటిగదిలో భార్య సుమిత్రతో పర్వతాలు తాత కాపురం. గ్యాంగ్‌మన్‌గా రైలుపట్టాల వెంట నడిచి నడిచి మోకాళ్ళు అరగదీసుకున్న మనిషి. ఇంట్లో మరుగుదొడ్డి లేదు. ఉన్నదొక్కటీ నాలుగిళ్ళకు ఉమ్మడిగా, మెట్ల కింద, నల్లా పక్కన.

బస్తీ దవాఖానా నర్సు దేవకృప ఆ మెట్లను ఎక్కి దిగుతూనే ఉన్నా, వాటి సంగతి ఆమెకు తట్టలేదు. మారేడ్‌పల్లి చదునునేల మీద పెరిగిన పిల్ల. పర్వతాలుకు మూత్రంలో మంట, చలిజ్వరం పదేపదే తిరగబెడుతున్నాయి; ఇంకొకసారి వస్తే మూత్రపిండాలు దెబ్బతింటాయని డాక్టరు హెచ్చరించాడు. ఆమె పెద్ద సీసా నిండా నీళ్ళు పోయించి, రోజూ సాయంత్రానికి ఖాళీ కావాలని ఆజ్ఞాపించింది. వచ్చినప్పుడల్లా సీసా ఖాళీగానే ఉండేది. ఆమె మెచ్చుకొనేది, జ్వరం మాత్రం ఆ మెప్పును లక్ష్యపెట్టలేదు.

వేసవి ముదిరింది. మౌలాలి గుండు పగలు మింగిన ఎండను పొద్దుగూకాక కక్కుతుంది. అక్కడినుంచి చూస్తే రైళ్ళు ఎంతో ముచ్చటగా కనబడతాయి గాని, ముచ్చట దప్పిక తీర్చదు.

ఒకనాడు చెప్పకుండా వచ్చిన దేవకృప గుమ్మంలోనే ఆగిపోయింది. పర్వతాలు మంచం మీదినుంచి వంగి, సీసా నీళ్ళను కిటికీ బయట గుండు మీద పోస్తున్నాడు.

"ఎన్నాళ్ళనుంచి, తాతగారూ?"

"సీసా ఇచ్చిన కాడినుంచి. తాగితే దిగాలె బిడ్డా, దిగితే ఎక్కాలె. మొన్న సగం మెట్ల మీదనే..."

అతడు గోడవైపు తిరిగాడు.

ఆమె దవాఖానాకు పోయి, మంచం మీదనే వాడుకొనే మూత్రపు డబ్బా తెచ్చింది. అతడు దానిని తోసేశాడు. దానిని పట్టుకొని తన భార్య నల్లా దగ్గరి ఆడవాళ్ళ నడుమ నడవడం తన ప్రాణముండగా జరగదన్నాడు.

గడపలో బియ్యం ఏరుతున్న సుమిత్ర తల ఎత్తలేదు.

"రేపు నిన్ను నలుగురు మోసుకపోయినా సుత ఆ నల్లా ముంగటికెళ్ళే పోవాలె. గప్పుడు సిగ్గు పడతవా?"

దేవకృప నీళ్ళు పోసి ఇచ్చిన గ్లాసును అతడు అందుకున్నాడు. కషాయం వలె గుక్కగుక్కకూ ఆగుతూ తాగాడు, ఇంకొకటీ తాగాడు. ఇక ఎదురుచూడడమే మిగిలింది. ఆ ఉక్కలో ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా కూర్చున్నారు.

"జెర తలుపు దగ్గరికెయ్యుండ్రి," అన్నాడు చివరికి.

ఆడవాళ్ళిద్దరూ బయట మెట్టు మీద కూర్చున్నారు. కింద నల్లా దగ్గర బిందెలు వరుసకట్టి ఉన్నాయి. లోపలినుంచి పిలుపు రాగానే సుమిత్ర కొంగు నడుముకు దోపి లేచింది. డబ్బా పారబోయడానికి తోడు వస్తానన్నది దేవకృప. వద్దన్నది సుమిత్ర, రేపటినుంచి ఒక్కతే దిగవలసింది తానే గదా అన్నది.