దవాఖాన మంచం మీద నా తువ్వాల

ఎనభైల మొదట్లో చెయ్యి విరిగి, ఆపరేషన్ కోసం వరంగల్‌లో ఒక దవాఖానలో చేరాను. ఇంతలో మేడారం జాతర వచ్చింది.

"రాత్రి మంచం ఖాళీగుంటే వేరేటోళ్లకు ఇస్తరన్నా. నీ ఆపరేషన్ వంతు గూడ పోతది," అని నర్సమ్మ హెచ్చరించింది. నేను వింటానా? బస్సు సీటుకు వేసినట్టు మంచం మీద తువ్వాల వేసి జాతరకు వెళ్లాను.

మర్నాడు వచ్చేసరికి ఆ మంచం మీద పాము కరిచిన పరకాల రైతు ఉన్నాడు. "మంచం నువ్వే ఉంచుకో తమ్మీ," అన్నాను.

కాదు లెండి, అలా అన్నానని ఇన్నేళ్లూ అందరి దగ్గరా కోతలు కోశాను. నిజానికి, "లేవమను! ఇది నా మంచం!" అని పక్కనున్న అతని భార్య మీద అరిచాను.

"జర మెల్లగన్నా, ఇప్పుడే కండ్లు తెరిచిండు. మేం కింద పండుకుంటం," అంటూ ఆమె ఆ మనిషిని భుజాలు పట్టి లేపబోయింది.

"వద్దు చెల్లె," అని నేలమీద చాప పరుచుకున్నాను. ఇప్పటికీ ఎక్కడైనా 'నాది' అని గొంతు పెంచబోతే ఆమె చేతులు గుర్తొస్తాయి.