జోయి అంటే ప్రాణం

మొన్న జూబ్లీ హిల్స్‌లో ఒక కాఫీ షాపులో ఎవరో తల్లి "జోయీ" అని తన పాపను పిలిచింది. కాఫీ చల్లారిపోయేదాకా ఆ పాపనే చూస్తూ కూర్చున్నాను.

నా చిన్నప్పుడు మేము యూసుఫ్‌గూడలో ఉండేవాళ్లం. నాన్న సినిమావాళ్లకు బట్టలు కుట్టేవాడు. హైటెక్ సిటీలో కొత్తగా ఉద్యోగంలో చేరిన మా చిన్నాన్న, ఆఫీసులో ఇంటర్నెట్‌లో చూసిన గ్రీకు పేర్లన్నీ కడుపుతో ఉన్న అమ్మకు వచ్చి చెప్పేవాడు.

"వదినా, ఐరీన్ అంటే శాంతి. జోయి అంటే ప్రాణం."

"పుట్టకముందే పేరు అనుకోవద్దు తమ్మీ," అనేది అమ్మ.

మధ్యాహ్నం ఆమె కునుకు తీస్తుంటే నేను ఆ పొట్టకు నోరు ఆనించి, "జోయీ" అని మెల్లగా పిలిచేదాన్ని. ఒకసారి లోపలినుంచి తన్నింది కూడా.

అమ్మ ఆసుపత్రి నుంచి ఒట్టి చేతులతో వచ్చింది. పేరు లేని పిల్లను అక్కడివాళ్లు ఇవ్వలేదనుకున్నాను.

"నేను పేరు పెట్టిన గదమ్మా, జోయి అని. పోయి తెచ్చుకుందాం పా," అన్నాను.

అమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. ఆ తర్వాత మా ఇంట్లో ఆ మాట ఎవరూ ఎత్తలేదు.

ఏళ్ల తర్వాత నాకు కూతురు పుట్టింది. ఏం పేరు పెట్టాలని అమ్మను అడిగాను. ఆమె పసిదాన్ని ఒళ్లో సర్దుకుంటూ, "నీకిష్టమున్నది పెట్టుకో బిడ్డా. జోయి మాత్రం వద్దు," అంది.

దాని తల నిమిరి, "అది నీ చెల్లె పేరు," అంది.