చూర్యుడొచ్చాడు, లేవండి!

పిల్లల పుస్తకం ఏది చేతికి వచ్చినా నేను ముందు చివరి పేజీ చూస్తాను. అక్కడ "ఈ కథలోని నీతి" అని కనబడిందా, మూసేస్తాను. కథ చెప్పి చివర నీతి అంటించడమంటే పిల్లవాడికి అన్నం పెట్టి, చెయ్యి కడుక్కునేలోగా బిల్లు ఇవ్వడమే. ఈ మాట అన్నందుకు సభల్లో చాలామంది పెద్దలతో తగువు పడ్డాను. నా వాదం ఒకటే. నవ్విన పిల్లవాడు అప్పటికే ఆలోచించేశాడు. ఎక్కడో ఏదో అతకలేదని బుర్రకు తట్టకపోతే నవ్వెలా వస్తుంది? దొంగస్వాముల మీద నేనిచ్చిన ఉపన్యాసాలను జనం మరిచిపోయారు. మధ్యలో వేసిన వేళాకోళాలను మాత్రం ఇప్పటికీ బస్టాండులో ఆపి నాకే వినిపిస్తుంటారు.

అలాంటివాణ్ణి, మా వీధిలో ఉండే టీచరుగారు ఒక సాయంత్రం వచ్చి, "ఈ శనివారం క్లాసులో నవ్వించే కథ చెబుతాను మాస్టారూ" అంటే సంతోషించాలి. కాని గట్టిగా వద్దన్నాను.

ఆమె నర్సీపట్నంలో ప్రాథమిక పాఠశాలలో మూడో తరగతికి చెబుతారు. చర్చిలో ఆదివారం పూట పిల్లలకు కథలు చెప్పి చెప్పి పదునెక్కిన గొంతు. ఆమెకు దేవుడున్నాడు, నాకు లేడు. ఆ సంగతి మీద టీ చల్లారిపోయేదాకా ఎన్నోసార్లు వాదించుకున్నాం. ఈసారి వాదన దేవుడి గురించి కాదు, ఒక పిల్ల గురించి.

ఆ పిల్ల ఈ ఏడే బళ్లో చేరింది. నాతవరం వైపు పల్లె నుంచి షేర్ ఆటోలో వస్తుంది. మొదటి వారంలోనే పాఠం చదువుతూ 'చేప'ను 'సేప' అంది. క్లాసు నవ్వింది. 'స' అనకూడదు, 'చ' అనాలని పక్కవాళ్లు దిద్దారు. పాపం, బాగా జాగ్రత్తపడి వచ్చింది. మర్నాటి పాఠంలో సీతాకోకచిలుక ఉంది. 'చీతాకోకచిలుక' అని చదివింది. ఇక చూడండి, బెంచీలు కదిలిపోయేలా నవ్వారట. అప్పటినుంచి ఆ పిల్ల నోరు తెరవలేదు. హాజరు పిలిస్తే చెయ్యెత్తుతుంది, అంతే. ఇప్పుడు ఈ బడికే కాదు, ఏ బడికీ వెళ్లనని ఇంట్లో మొండికేస్తోందని, సోమవారం నుంచి పంపలేమని తల్లి వచ్చి చెప్పి వెళ్లింది.

టీచరుగారి చేతిలో మిగిలింది ఒక్క శనివారం. ఆ రోజున ఆమె చెప్పబోయే కథ ఏమిటంటే, 'స'లన్నిటినీ 'చ'లుగా మార్చేసే కోడిపుంజు కథ!

"పుండు మీద కారం చల్లుతారా అమ్మా?" అన్నాను. "క్లాసంతా ఆ పిల్లనే చూసి నవ్వుతుంది."

"ఇప్పుడు మాత్రం నవ్వడం లేదా? లోపల్లోపల నవ్వుతూనే ఉన్నారు. నవ్వొద్దంటే ఆగే నవ్వు కాదది. దాన్ని పిల్ల మీద నుంచి పుంజు మీదకి మళ్లించాలి."

"మళ్లకపోతే?"

"మళ్లకపోతే నేను ఓడిపోయినట్టే. మీరూ వచ్చి కూచోండి. నన్ను తిట్టడానికైనా పనికొస్తుంది."

వెళ్లాను. శనివారం బళ్లో 'నో బ్యాగ్ డే' కాబట్టి పిల్లలకు సంచుల బరువు లేదు. వెనక బెంచీలో ఇరుక్కుని కూర్చున్నాను. ఆ పిల్ల కిటికీ పక్కన తల వంచుకుని గోళ్లు చూసుకుంటోంది.

టీచరుగారు మెడ నిక్కించి, రెండు చేతులూ వెనక్కి పెట్టి పుంజులా నడిచారు. ఆ పుంజు విశాఖపట్నం వెళ్లి ఒక పెద్ద బడి గోడ మీద కూర్చుని పట్నం తెలుగు నేర్చుకుంది. అది నేర్చిన సూత్రం ఒక్కటే. 'స' అంటే మోటు, 'చ' అంటే నీటు. ఊరికి తిరిగొచ్చి, తెల్లారగానే పెంటకుప్ప ఎక్కి, "చూర్యుడొచ్చాడు, లేవండి!" అని కూసింది.

పిల్లలు నవ్వారు. ముందు వరసలో ముగ్గురు నలుగురు ఆ పిల్ల వైపు తిరిగారు. దాని తల ఇంకా కిందికి వంగింది. ఆపండని నేను లేవబోయాను.

టీచరుగారు అటు చూడనే లేదు. గొంతు మార్చి పెట్ట అయిపోయారు. "ఓలమ్మో, ఎవులే ఈ చూరీడు? మన సుట్టమేటి?"

"ఏమోనే! పట్నం నుంచి పుంజుతో వొచ్చినట్టున్నాడు. బేగి ఓ గిద్దెడు బియ్యం ఎక్కువ ఒండు," అంది ఇంకో పెట్ట.

పెట్టలు వంట మొదలుపెట్టాయి. వాకిలి ఊడ్చాయి. వచ్చే చుట్టానికి మంచం వాల్చాయి. పుంజు ఒళ్లు మండిపోయి, "చుట్టం కాదే, చూర్యుడు! చూర్యుడు!" అని గంతులేసింది. తిరిగిన తలలన్నీ మళ్లీ ముందుకు వచ్చేశాయి. ఆ గంతులు ఎవరొదులుకుంటారు?

అప్పుడు తెలిసింది నాకు ఆమె పనితనం. పల్లె మాట మాట్లాడే పెట్టలు కథలో బుద్ధి ఉన్నవాళ్లు. నవ్వులపాలవుతున్నది పుంజు పొగరు. ఏ మాటా ఎక్కువ కాదు, తక్కువ కాదని మేం వేదికలెక్కి గొంతు చించుకుంటాం. ఆమె నీతి అన్న మాట ఎత్తకుండా ఒక పెంటకుప్ప మీద ఆ పని చేసేశారు.

"ఎండెక్కింది. పుంజుకి దాహమేసి కొట్టుకెళ్లింది. ఏమడిగింది?" అని ఆగారు.

"చరబత్తు!" అని అరిచాడొకడు. నాలుగు మూలల నుంచీ ఏవేవో అరుపులు. అవి సద్దుమణిగాక కిటికీ వైపు నుంచి సన్నగా వినిపించింది.

"చోడా."

ఆ పిల్లే. టీచరుగారు సంబరపడలేదు, శభాష్ అనలేదు. మిగతావాళ్లను అడిగినట్టే అడిగారు. "చోడా ఇమ్మంది. కొట్టాయనేమిచ్చాడు?"

ఆ పిల్ల తలెత్తింది. "ఇంకేటిస్తాడు టీచర్? సోడంబలి ఇచ్చీసినాడు. పట్నపోల్లు సోడినలాగంటారనుకున్నాడు."

రాగులను మా వైపు చోళ్లంటాం. పల్లెలో అవి సోళ్లు, ఆ పిండి సోడి. 'సోడి'ని పట్నంవాళ్లు 'చోడి' అంటారు కాబట్టి, 'చోడా' అన్న పుంజుకి కావలసింది సోడి అంబలేనని కొట్టాయన లెక్క. తనను ఏడిపించిన సూత్రాన్ని ఆ పిల్ల తిరగేసి చూసి, దాని లోపలి తికమకంతా బయటికి లాగింది. ఇంత చక్కటి తర్కం నేను పెద్దల చర్చల్లో కూడా అరుదుగా విన్నాను.

క్లాసు పగలబడి నవ్వింది. అందరూ ఆ పిల్లనే చూస్తున్నారు. అది కూడా నవ్వుతోంది.

"తాగీసిందేటే?" అన్నాడు ముందు బెంచీ వాడు.

"తాగక సస్తాదా? దాహంగున్నాది కదా!"

"అయితే అంబలి తాగీసి మల్లీ పట్నం..." అని ఇంకొకడు అందుకోబోయాడు.

"ఒరే, ఆగరా! నేను సెప్తన్నాను కదా!" అని వాణ్ణి గదమాయించి, ఆ పిల్ల లేచి నిలబడింది. టీచరుగారు వెళ్లి పిల్లల మధ్య బెంచీలో సర్దుకుని కూర్చున్నారు. "నువ్వే సెప్పమ్మా, తర్వాతేటయినాది?" అన్నారు, నిజంగానే తెలియనట్టు.

సోమవారం సాయంత్రం నేనే టీచరుగారింటికి వెళ్లాను. గుమ్మంలోనే అడిగాను, పిల్ల బడికి వచ్చిందా అని.

"వచ్చింది మాస్టారూ," అన్నారామె, గొంతు బొంగురుపోయి. "ఇప్పుడు కాసేపు నోరు మూసుకోవే అంటే వినడం లేదు."