అండి తీసెయ్ అక్కా

నలభై రెండేళ్ల వయసులో నేను తన్నులాట, అదే ఆత్మరక్షణ, నేర్చుకోవడానికి వెళ్లాను. తెనాలిలో మా ఇంటి దగ్గరున్న బడి ఆవరణలో, ఆదివారాలు పొద్దున్నే. నేర్పే మేడమ్ బాపట్ల నుంచి రైల్లో వచ్చేవారు. ఒకప్పుడు కబడ్డీ ఆడిన మనిషి, నాకంటే పదిహేనేళ్లు చిన్న. మిగతా వాళ్లంతా ఎనిమిదో తరగతి, తొమ్మిదో తరగతి ఆడపిల్లలు. నన్ను చూసి ఎవరి తల్లో దింపడానికి వచ్చిందనుకున్నారు.

దీనంతటికీ కారణం రేపల్లె ప్యాసింజర్. నేను రేపల్లెలో టీచర్ని, రోజూ పొద్దున ఆ బండికే వెళ్లాలి. రెండేళ్లుగా అందులో ఒకడు వచ్చి నా పక్కనే కూర్చునేవాడు. ఇస్త్రీ చొక్కా, నుదుట బొట్టు, చూడ్డానికి పెద్దమనిషి. ఇప్పుడు ‘వాడు’ అని రాస్తున్నాను గానీ, అప్పట్లో నాకు మనసులో కూడా ‘ఆయనే’. వేమూరు దాటేసరికి మోచెయ్యి నా పక్కటెముకలకు ఆనేది. “కాస్త జరగండి అన్నయ్యగారూ” అనేదాన్ని. అన్నయ్య అంటే సిగ్గుపడతాడని ఆశ. నువ్వే సర్దుకో అమ్మాయ్ అనేవాడు. పెట్టె మారితే తనూ మారాడు. బస్సెక్కి చూశాను, మొదటి పీరియడ్ అందలేదు. చివరికి వేసవి సెలవుల ముందు రాజీనామా రాసి హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టుకున్నాను. నాకు ప్రాణమైన ఉద్యోగం అది. ఒకడి మోచేతికి భయపడి దాన్ని వదులుకుంటున్నానన్న ఉక్రోషంతోనే ఆ క్లాసులో చేరాను.

ఎవరైనా మణికట్టు పట్టుకుంటే వెనక్కి గుంజకూడదట. వాళ్ల బొటనవేలి వైపుకు తిప్పి లాగాలట, పట్టు అక్కడే వదులుగా ఉంటుందట. అది నాకు రెండు వారాల్లో వచ్చేసింది. తర్వాత అరవడం. మేడమ్ నా చెయ్యి పట్టుకున్నారు. నేను శక్తికొద్దీ “వదలండి” అని అరిచాను. పిల్లలు కడుపు పట్టుకుని నవ్వారు.

“అండి తీసెయ్ అక్కా” అన్నారు మేడమ్.

“అలాగేనండి” అన్నాను.

నోరు మంచిదైతే ఊరు మంచిదని మా అమ్మ పెంచిన నోరు ఇది. దారికి అడ్డంగా నిలబడ్డ గేదెను కూడా జరగండి అన్నానని మా ఇంట్లో ఇప్పటికీ ఎగతాళి. మెత్తనివాళ్లను చూస్తే మొత్తబుద్ధి అనే సామెత కూడా అమ్మదే గానీ, దాన్ని ఎందుకో నాకు గట్టిగా చెప్పలేదు. వేసవంతా వంటింట్లో గిన్నెల ముందు నిలబడి “తియ్యి, జరుగు” అని సాధన చేశాను. నన్నేనా అని మా ఆయన ముందుగదిలోంచి అడిగేవారు. మిమ్మల్ని కాదండి అనేదాన్ని.

బడులు తెరిచిన రోజున బండెక్కాను. రాజీనామా కాగితం బ్యాగ్‌లోనే ఉంది. ఈ రోజు కూడా నోరు పెగలకపోతే మధ్యాహ్నం హెడ్మాస్టరుగారికి ఇచ్చేద్దామనుకున్నాను. వేమూరు దాటింది. మోచెయ్యి వచ్చింది. ‘అన్నయ్యగారూ’ గొంతుదాకా వచ్చింది గానీ మింగేశాను. రెండేళ్లలో మొదటిసారి వాడి మొహంలోకి సూటిగా చూశాను.

“చెయ్యి తియ్యి.”

అంత గొంతు నాలో ఉందని నాకే తెలియదు. ఎదురుగా మల్లెపూలు కడుతున్న పెద్దావిడ దారం ఆపి వాడి వైపు చూసింది. ఆమెను చూసి పెట్టెలో మిగతావాళ్లూ చూశారు. వాడు చెయ్యి ఒళ్లోకి తీసుకున్నాడు. ఏదో గొణిగి, భట్టిప్రోలు రాకముందే లేచి తలుపు దగ్గరికి వెళ్లిపోయాడు.

రేపల్లెలో దిగాక ప్లాట్‌ఫారం బెంచీ మీద కూర్చున్నాను. ఏడుపొచ్చింది. భయంతో కాదు, రెండేళ్లు ఊరికే పోయాయే అని. నేర్చుకున్న పట్లలో ఒక్కటీ వాడలేదని అప్పుడు గుర్తొచ్చి కాస్త నవ్వు కూడా వచ్చింది. వాడు గొణిగిన మాట మాత్రం చెవిలో ఉండిపోయింది.

“చూసుకోలేదండి” అన్నాడు. వాడికి అండి అనడం వచ్చునని నాకు ఆ రోజే తెలిసింది.