ఎనిమిది ఒంటెల గోడ

ఇప్పుడు గోడను గోడలాగే చూస్తున్నాను గానీ, ఆ రోజుల్లో పరిస్థితి కాస్త వేరు. కంప్యూటర్లో బొమ్మ ఇళ్ళు కట్టే ఒక చిన్న కంపెనీలో నాకు కొత్తగా ఉద్యోగం. ఇళ్ళు వేరేవాళ్ళు కట్టేవారు, వాటికి చర్మం తొడగడం నా వంతు. పెచ్చులు, చెమ్మ, తుప్పు, మరకలు, వీటన్నిటినీ కలిపి టెక్స్చర్లు అంటారు. (ఇంజనీరింగ్ చదివించిన నాన్నకు ఈ సంగతి పూర్తిగా చెప్పలేదు.) పాతబస్తీలోని ఛత్రినాక సందుల్లో నడుస్తూ పాత గోడ కనిపిస్తే ఆగిపోయి, దాని మీద వెలుతురు మెల్లగా రంగు మారడం చూస్తూ కల కన్నట్టు నిలబడేవాణ్ణి. గోడవైపు తిరిగి అంతసేపు నిలబడ్డ మగవాడి గురించి జనం ఏమనుకుంటారో అప్పట్లో తోచలేదు.

ప్రొబేషన్ చివర్లో ఒక గేమ్ కోసం పాతబస్తీ సందు తయారు చేయమన్నారు. అందులో గోడ నాది. అది నిజం గోడలా ఉంటేనే ఉద్యోగం ఖాయం. మా టీమ్ లీడ్‌ను అందరూ జూమ్ అన్న అనేవారు, దేన్నైనా నాలుగింతలు పెంచి చూస్తేగాని నమ్మడు. (ఆయన పెళ్ళిచూపుల గురించి ఆఫీసులో రకరకాల కథలుండేవి.) నేను అద్దెకుంటున్న ఇంటి ప్రహరీ నాకు నచ్చింది. సగం ఫోటోలు తీసేసరికి ఎండెక్కింది. నీడలు పడితే ఫోటో పనికిరాదు కాబట్టి, మిగతా సగం మర్నాడు పొద్దున్నే తీద్దామని వెళ్ళాను. గోడ తెల్లగా మెరిసిపోతోంది. దాని పక్కనే మా ఇంటి ఓనరు పెద్దమ్మ, చేతిలో సున్నం బకెట్.

"గిదేంది పెద్దమ్మా?"

"నిన్న నువ్వు ఫోటోలు తీస్తుంటె చూసిన. గంత ఖరాబున్న గోడ నలుగురు చూస్తె మా ఇజ్జత్ ఏం గావాలె? బోనాలకు ఎట్లైన ఎయ్యాలె గద, జర ముంగల్నే ఏసిన. ఇగ మంచిగ తీస్కో."

తెల్ల గోడను ఫోటో తీసుకుని, కృతజ్ఞతలు చెప్పి వచ్చాను.

మొదటిరోజు తీసిన ముక్కనే మళ్ళీమళ్ళీ పక్కపక్కన అతికించి, గేమ్‌లోని పొడుగాటి గోడంతా నింపాను. జూమ్ అన్న మొదటిసారి దూరం జరిగి చూశాడు.

"తమ్మీ, గీ చెమ్మ మరక ఒంటె లెక్క ఉన్నది గద?"

"అవునన్నా."

"గిట్లాంటివి ఎనిమిదున్నయ్. లైన్‌ల ఏడికి వోతున్నయ్?"

నాకు తెలియదన్నాను. సోమవారం లోపు ఒంటెలు లేని గోడ కావాలన్నాడు.

ఆ సాయంత్రం పెద్దమ్మ ఇంటి మెట్ల మీద కూర్చుని సంగతంతా చెప్పుకున్నాను. "ముందుగాల చెప్పొద్దా బిడ్డా" అని తెల్ల గోడవైపు తిరిగింది. తర్వాత, నన్ను మరిచిపోయినట్టు మెల్లగా మొదలుపెట్టింది. "అన్నిట్ల కింద నీలం, నేను కాపురానికొచ్చినప్పటిది. దాని మీద చిలకపచ్చ, పెద్దోడు పుట్టినప్పుడు. మా ఆయన ఒక్క ఏడాది గులాబి రంగు ఏపిచ్చిండు, గల్లీ అంత నవ్వింది, మల్ల తెల్లదే. గా మూలకు రోజు సైకిల్ ఆనిచ్చేటోడు. హ్యాండిల్ తాకి తాకి గుంత వడ్డది. ఎన్ని సున్నాలేసినా నిండలే."

ఆమె చెప్పిన వరసలోనే కంప్యూటర్లో ఒకదాని మీద ఒకటి నాలుగు రంగులు వేసి, కిందివి అక్కడక్కడ కనబడేలా పైనుంచి గీకుతూ వచ్చాను. మూలన గుంత పెట్టాను. సోమవారం జూమ్ అన్న తిన్నగా దాని దగ్గరికే వెళ్ళాడు.

"గీ గుంత ఏంది?"

"సైకిల్ ఆనించిందన్నా."

"సైకిల్ ఏది మరి?"

"లేదన్నా. ఆనించినాయన కూడ లేడు."

ఆయన జూమ్ తగ్గించి, "ఉండనియ్" అన్నాడు. ఉద్యోగం అట్లా ఖాయమైంది.

లాప్‌టాప్ తీసుకెళ్ళి పెద్దమ్మకు చూపించాను. తెర మీద ఆ గుంత చుట్టూ వేలు తిప్పింది. "మంచిగనే ఉన్నది. మరి సున్నం ఎప్పుడేస్తవ్ బిడ్డా? బోనాలొస్తున్నయ్" అంది.

ఇప్పుడు ఆఫీసులో కొత్తవాళ్ళు నన్నే జూమ్ అన్న అంటున్నారని విన్నాను. ఆ ఫైల్ ఇంకా నా దగ్గరే ఉంది. ఏటా ఆషాఢంలో, బోనాల ముందు తెరిచి, పెద్దమ్మ మాట తీసేయడం ఎందుకని, ఒక చివరి నుంచి తెల్ల రంగు వేసుకుంటూ వస్తాను. గుంత ఉన్న మూల దాకా వచ్చాక మాత్రం చెయ్యి ఆగుతుంది. సేవ్ చేయకుండా మూసేస్తాను.